ఇంజన్ కొట్టిపారేసిన ఎత్తును మళ్లీ పరీక్షించడం ఎలా

హైదరాబాద్‌లో ఆదివారం రాపిడ్ చెస్ టోర్నమెంట్ ఎక్కడ జరిగినా, రౌండ్ అయిందో లేదో హాలు బయట ఫోన్లు బయటికొస్తాయి. పిల్లాడు కావాలని పావు వదులుకున్న ఎత్తు (సాక్రిఫైస్) పక్కన ఇంజన్, అంటే చెస్ లెక్కలు వేసే ప్రోగ్రామ్, తప్పని రెండు ప్రశ్నార్థకాలు పెడుతుంది, అర నిమిషంలో తీర్పయిపోతుంది. చాలాసార్లు ఆ తీర్పు సరైనదే. కానీ కొన్ని రకాల ఎత్తుల్ని ఇంజన్ సరిగా చూడకుండానే పక్కన పెట్టేస్తుంది. వాటిని ఇంట్లో తీరిగ్గా తేల్చుకోవాలి.

పరీక్షకు ఈ పొజిషన్ పెట్టండి. 1998 లినారెస్ టోర్నమెంట్, టోపలోవ్ (తెలుపు)–షిరోవ్ (నలుపు) గేమ్, నలుపు 47వ ఎత్తు. తెలుపు: కింగ్ జీ1, బిషప్ సీ3, బంట్లు జీ2, హెచ్4. నలుపు: కింగ్ ఈ6, బిషప్ ఎఫ్5, బంట్లు ఏ4, డీ5, ఎఫ్6, జీ6. షిరోవ్ తన బిషప్‌ను హెచ్3లో పెట్టాడు. జీ2 బంటు దాన్ని ఊరికే కొట్టేసుకోవచ్చు. కొడితే నల్ల కింగ్ ఎఫ్5 మీదుగా ఈ4కి ముందుగా చేరిపోతుంది, తెల్ల కింగ్‌కు ఈ3 దక్కదు, ఏ, డీ బంట్లను ఆపేవాళ్లుండరు. కొట్టకుండా కింగ్ ఎఫ్2కి వస్తే నల్ల కింగ్ ఎఫ్5కి వెళ్తుంది, ఆ తర్వాత తెల్ల కింగ్ ఎఫ్3కి వస్తే బిషప్ జీ2 బంటును కొడుతుంది. బోర్డు మీద పది పావులున్నాయి కాబట్టి ఏడు పావుల టేబుల్‌బేస్ (కొద్ది పావుల పొజిషన్లకు ముందే తేల్చిపెట్టిన ఫలితాల పట్టిక) ఇక్కడ పనికిరాదు.

ఈ ఎత్తు ఎందుకు మరుగున పడుతుంది? ఇంజన్ డెప్త్ (లోతు) 25 అని చూపిస్తే ప్రతి దారినీ 25 అర ఎత్తుల (ఒక్కో పక్షం ఒక్కో ఎత్తు) దాకా చూసిందని కాదు. కొట్టడం, చెక్ లేని మామూలు ఎత్తుల్ని వరుసలో వెనక పెట్టి, వాటిని తక్కువ లోతులోనే చూసి వదిలేస్తుంది. పావు ఊరికే పోయే ఎత్తయితే తక్కువ లోతుల్లో పూర్తిగా కత్తిరిస్తుంది. బిషప్ హెచ్3కి ఈ రెండు శాపాలూ తగిలాయి. ఎంత మంచి ఎత్తయినా, దాని ఫలం చాలా ఎత్తుల తర్వాత గానీ కనబడకపోతే ఇదే గతి.

రెండో జబ్బు హొరైజన్ ఎఫెక్ట్: తన చూపు ఆగే చోటు దాటిన నష్టం ఇంజన్‌కు కనబడకపోవడం. చెస్ ప్రోగ్రామ్‌ల పరిశోధకుడు హాన్స్ బెర్లినర్ 1973లో పెట్టిన పేరు. ఉదాహరణకు, తెల్ల బిషప్ ఏ7 బంటును కొట్టి అక్కడే ఉంది, నలుపు బీ6తో దారి మూసేసింది, సీ8లోని కింగ్ బీ7కి వచ్చి బిషప్‌ను తినబోతోంది. లోతు చాలని ఇంజన్ ఏం చేస్తుందంటే, బంటుతో నైట్‌ను బెదిరించడం లాంటి ఎత్తులు మధ్యలో దూరుస్తుంది. అలాంటి ప్రతి ఎత్తూ నష్టాన్ని రెండు అర ఎత్తులు వెనక్కి నెట్టి, కంటికి కనబడకుండా చేస్తుంది. బిషప్ ఎలాగూ పోతుంది, పైగా బంట్లు కూడా పోతాయి. నేటి స్టాక్‌ఫిష్ ఇంజన్‌కు ఈ ఉదాహరణ చిటికెలో పని. అదే జబ్బు చాలా పొడుగు లైన్లలో మిగిలే ఉంది.

నల్ మూవ్ మూడోది. నా ఎత్తు వదిలేసినా నాదే పైచేయి అయితే ఇక లోతుగా చూడక్కర్లేదని ఇంజన్ తలుస్తుంది. జుగ్‌జ్వాంగ్‌లో, అంటే ఏ ఎత్తు వేసినా నష్టమే అయ్యే చోట, ఈ లెక్క తలకిందులవుతుంది. కదపాల్సిన పక్షానికి కింగ్, బంట్లు మాత్రమే ఉంటే స్టాక్‌ఫిష్ దీన్ని వాడదు. బంటు కాని పావు ఒక్కటి మిగిలున్నా వాడుతుంది, కాబట్టి అలాంటి ఎండ్‌గేమ్‌లలో అనుమానం పెట్టుకోండి.

ఇక చేయాల్సింది. అరీనా లాంటి ప్రోగ్రామ్‌లో స్టాక్‌ఫిష్ పెట్టి సెట్టింగులు చూడండి. హ్యాష్ (ఇంజన్ తాను చూసినవి దాచుకునే మెమరీ) మొదట 16 ఎంబీ, థ్రెడ్స్ (ఒకేసారి నడిపే లెక్కలు, కోర్‌కు ఒకటి చొప్పున) 1 ఉంటాయి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో హ్యాష్ 2048 చేయండి, థ్రెడ్స్‌లో ఒక కోర్ వదిలేయండి. మేలో మన ఊరి ఎండకు ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం పడిపోతుంది, అందుకే నిమిషాలు కాకుండా నోడ్ల సంఖ్య (ఇంజన్ చూసిన పొజిషన్ల సంఖ్య) చూసి పోల్చండి.

అనుమానమున్న ఎత్తును బోర్డు మీద ఆడేయండి. రెండు నిమిషాలు ఆగండి. ఎదుటివాడి మంచి జవాబు వేసి, మీ తర్వాతి ఎత్తు వేసి, స్కోరు స్పష్టంగా మారేదాకా వెళ్లండి. అక్కడి నుంచి ఒక్కో ఎత్తూ వెనక్కి రండి, ప్రతి చోటా 30 సెకన్లు ఆపండి. హ్యాష్ చెరపొద్దు: కింద దొరికిన సంగతి దాని ద్వారానే పైకొస్తుంది. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, లైన్ చివర స్కోరు చూసి మళ్లీ కొత్తగా మొదలుపెట్టేస్తారు. వెనక్కి వచ్చేటప్పుడు ఎదుటివాడి వంతు దగ్గర మల్టీపీవీ (ఒకేసారి చూపే మంచి లైన్ల సంఖ్య) 4 పెట్టండి. వాడికి వేరే జవాబు ఉంటే అక్కడ బయటపడుతుంది. మీ వంతు దగ్గర మళ్లీ 1 చేయండి, లేకపోతే లోతు తగ్గుతుంది.

స్కోరు మొదటి పొజిషన్ దాకా నిలిస్తే ఎత్తు నిజమైనదే. మధ్యలో కూలితే, ఏ జవాబుకు కూలిందో రాసుకోండి. ఇంజన్ సొంతంగా కనిపెడుతుందో లేదో కూడా తెలియాలంటే హ్యాష్ చెరిపి, థ్రెడ్స్ 1 చేసి, నోడ్ల సంఖ్య బిగించి మళ్లీ నడపండి. థ్రెడ్లు ఎక్కువైతే ఒక్కో పరుగుకు ఒక్కో జవాబు రావచ్చు.

వెనకబడ్డ పక్షం ఎదుటివాడు చొరబడలేని కోట కట్టి కూర్చున్న పొజిషన్లలో ఈ పద్ధతి తిరగేసి వాడాలి. స్కోరు +2 (దాదాపు రెండు బంట్ల పైచేయి) చూపిస్తూ 15 ఎత్తులు ఆడించినా అంగుళం పెరగకపోతే, ఎక్కడా బంటు తోసి తెరిచే దారి లేకపోతే, అది డ్రా అనే అనుకుని దాన్ని పగలగొట్టే ఎత్తు కోసం వెతకండి.