ట్రింకోమలీ యుద్ధనౌక నమూనా: 1:64 కొలతలో చెక్క హల్ కట్టే పద్ధతి

బొంబాయిలో వాడియా కుటుంబం కట్టిన ట్రింకోమలీ 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దిగింది. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ తేలుతూనే ఉంది. అసలు ఓడ మలబారు టేకుతో కట్టింది కదా అని చాలామంది నమూనాకు కూడా టేకు పట్టీలే కోయించుకుంటారు. పని అక్కడే చెడుతుంది. టేకు చారల్లో కంటికి కనిపించే రంధ్రాలుంటాయి. ఒక రంధ్రం పావు మిల్లీమీటరే అనుకున్నా, 64 రెట్లు పెంచి చూస్తే ఓడ పలకలో 16 మి.మీ. గొయ్యి. పైగా టేకులో నూనె ఉంటుంది. థిన్నరుతో తుడవకుండా అతికిస్తే జిగురు సరిగా పట్టదు.

ఈ పనికి అంకుడు కర్ర మేలు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది దీనితోనే. లేత రంగు, సన్నని పోగు, సూదిమొన అంచు చెక్కినా చిట్లదు. మాను లావు తక్కువ కాబట్టి పొడవాటి పట్టీలు రావని బెంగ అక్కర్లేదు. అసలు ఓడలో 24 అడుగుల పలక మన కొలతలో 114 మి.మీ. మాత్రమే. ఆరిన దిమ్మె నుంచి 6 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం పట్టీలు కోయించండి. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి బయటి పలకలకు పనికిరాదు, గోరు గీసినా గాటు పడుతుంది. కానీ ముందు వెనకల పెట్టే దిమ్మెలకు అంతకన్నా తేలిగ్గా చెక్కగలిగేది దొరకదు.

కొలతలు, ప్లాన్లు

ట్రింకోమలీ లీడా తరగతి ఫ్రిగేట్, అంటే ప్రధాన ఫిరంగులన్నీ ఒకే డెక్ మీద ఉండే వేగమైన యుద్ధనౌక. ఫిరంగుల డెక్ పొడవు 150 అడుగుల పైచిలుకు, వెడల్పు సుమారు 40 అడుగులు. 1:64లో ఒక అడుగు 4.76 మి.మీ. అంటే డెక్ 716 మి.మీ., వెడల్పు 190 మి.మీ. ముక్కు కొయ్య, తెరచాప కొయ్యలు కలిపితే ఇది బల్ల మీద కాదు, గదిలో ఒక మూల పట్టే వస్తువు. చోటు లేకపోతే 1:96కి దిగండి, డెక్ 477 మి.మీ. అవుతుంది. అంతకన్నా చిన్నదైతే ఇక్కడ చెప్పిన మందాలేవీ చెల్లవు.

ఈ ఓడకు ప్లాన్ల గండం పుట్టుకతోనే ఉంది. బొంబాయికి తొలిసారి పంపిన నకళ్లు జావా అనే ఫ్రిగేట్‌లో బయల్దేరాయి. 1812 డిసెంబరులో అమెరికా వాళ్ల కాన్‌స్టిట్యూషన్ దాన్ని ఓడించి కాల్చేసింది, ప్లాన్లూ పోయాయి. మళ్లీ పంపాల్సొచ్చింది. లీడా తరగతి ప్లాన్లు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి, నకళ్లు తెప్పించుకోవచ్చు.

ఏ ఏడాది ఓడ కడుతున్నారో ముందే తేల్చుకోండి. 1817 నాటి ఓడ వేరు. 1845లో 26 ఫిరంగుల కార్వెట్‌గా, అంటే ఫ్రిగేట్ కన్నా కింది తరగతి ఓడగా మార్చినప్పుడు వెనుక భాగం గుండ్రంగా తిరిగింది. హార్టిల్‌పూల్ ఫొటోలు చూసి వెనుక భాగం, పాత ప్లాను చూసి ఫిరంగులు పెడితే అలాంటి ఓడ ఏనాడూ లేదు. స్కాట్లండులోని డండీలో ఉన్న యూనికార్న్ అనే ఓడ కూడా ఇదే తరగతి. ఆ ఫొటోలు బయటి రూపానికి పనికొస్తాయి, లోపలి కట్టడం మాత్రం వేరు.

ఆర్కిటెక్టుల ప్లాన్లు తీసే షాపులో ప్లాటరు మీద ప్రింటు తీయించండి. ఇంటికి తెచ్చాక స్టీల్ స్కేలుతో నిలువుగా, అడ్డంగా రెండుసార్లు కొలవండి. ఒక్క శాతం సాగినా హల్, అంటే ఓడ ఒళ్లు, 7 మి.మీ. పెరుగుతుంది, అదీ ఒకవైపే. ప్రింటును ప్లైవుడ్‌కు ఫెవికాల్‌తో అతికించొద్దు, కాగితం తడిసి ఉబ్బుతుంది. గ్లూ స్టిక్ చాలు.

వెన్నుపలక, అడ్డపలకలు

నిలువుగా ఒక వెన్నుపలక, దానికి అడ్డంగా 18 నుంచి 20 అడ్డపలకలు. వీటినే బల్క్‌హెడ్లు అంటారు. నడుమ 40 మి.మీ. ఎడం ఉన్నా పర్వాలేదు, ముందు వెనకల 25 దాటనివ్వకండి. అక్కడ వంపు తొందరగా మారుతుంది, ఎడం ఎక్కువైతే పట్టీ నేరుగా సాగి హల్ పలకలు పలకలుగా కనిపిస్తుంది.

వెన్నుపలకకు 5 లేదా 6 మి.మీ. బిర్చ్ ప్లైవుడ్ తీసుకోండి. మామూలు ప్లైలో లోపలి పొరల మధ్య ఖాళీలుంటాయి, సరిగ్గా గాడి కోసేచోటే అవి బయటపడతాయి. కోసిన పలకను వంటింటి గ్రానైట్ బండ మీద పరచి, కింద కాగితం దూరుతుందేమో చూడండి. దూరితే ఆ పలక వదిలెయ్యండి. వంకర వెన్నును పైపలకలు సరిచేస్తాయని ఆశపడితే, అవి ఆ వంకరనే ఖాయం చేస్తాయి.

పాత ప్లాన్ల గీతలు ఓడ పక్కటెముకల బయటి అంచుకు గీసినవి, పైపలకల మందం వాటిలో కలవదు. మన పైపలకలు రెండు పొరలు: లోపలి పొర 1.5, బయటి పొర 1, మొత్తం 2.5 మి.మీ. అసలు ఓడ పలక 3 అంగుళాలనుకుంటే మన కొలతలో 1.2. మిగిలిన 1.3 మి.మీ. అడ్డపలక చుట్టూ తగ్గించి కొయ్యాలి. ఇది మరిస్తే ఓడ రెండున్నర మి.మీ. లావెక్కి, చివర్లో ఫిరంగి కిటికీలకూ వెనుక చెక్కడాలకూ పొంతన కుదరదు.

అడ్డపలక గాడిలోకి వేలితో నొక్కితే దిగాలి. సుత్తి కావాల్సొస్తే గాడి బిగుతుగా ఉందని అర్థం. అలాంటివి ఇరవై కలిసి వెన్నును మెలితిప్పుతాయి. ప్రతి పలకనూ మూలమట్టంతో చూసి, రెండు పలకల మధ్య దిమ్మె ముక్కలు అతికించి లంబంగా బిగించండి. ఇదంతా 18 మి.మీ. పలక మీద నడిమి గీత గీసి, దాని మీద నిలబెట్టి చెయ్యాల్సిన పని.

వెనుక కింది భాగాన్ని ఎక్కువమంది మందంగా వదిలేస్తారు. చుక్కాని స్తంభం 6 మి.మీ. మందమైతే, పైపలకలు వచ్చాక కూడా అక్కడ 6 మి.మీ.లే ఉండాలి. రెండు పొరలూ వేస్తే రెండు వైపులా కలిపి 5 మి.మీ. పోతుంది, వెన్నుకు మిగిలేది 1 మి.మీ.! అంత పలచన నిలవదు కాబట్టి, ఆ చోట లోపలి పొరను కొసకు వచ్చేసరికి అర మి.మీ.కు చిత్రిక పట్టండి. అప్పుడు వెన్నును 3 మి.మీ. దాకా చెక్కితే సరిపోతుంది. అడ్డపలకలు అతికించకముందే ఈ చెక్కుడు పూర్తవ్వాలి, తర్వాత ఉలి దూరదు.

అంచులు కలపడం

అడ్డపలకల అంచులను పట్టీ పూర్తిగా ఆనేలా ఏటవాలుగా రాయాలి. 200 మి.మీ. పొడవున్న, కొంచెం వంగే బద్దకు 120 నంబరు సాండ్ పేపర్ అతికించి, ఒకేసారి మూడు పలకల మీద నడిచేలా రాయండి. చిన్న ముక్కతో రాస్తే ఒక్కో పలక ఒక్కో లెక్కన అరుగుతుంది. మధ్యమధ్యలో 1.5×5 మి.మీ. పట్టీని ఐదు పలకల మీదుగా వేలితో ఆనించి చూడండి. ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే ఆ పలక పల్లంగా ఉన్నట్టు, వెనీర్ (పలచటి చెక్క పొర) ముక్క అతికించి మళ్లీ రాయండి. ఎత్తుగా ఉంటే పట్టీ అక్కడ మోకాలు మడిచినట్టు విరుగుతుంది. నాలుగు సాయంత్రాలు పట్టే పని, ముక్కుకు మాస్కు తప్పనిసరి. హల్ అందం సగం ఇక్కడే తేలిపోతుంది, పలకలు వేసేటప్పుడు కాదు.

పలకలు వెయ్యడం

లోపలి పొరకు 1.5×5 బాస్‌వుడ్ పట్టీలు చాలు. దాని మీద కాస్త నిర్లక్ష్యం చెల్లుతుంది, సందులు పూడ్చి రాసేస్తారు. బయటి పొర అలా కాదు, ముందే లెక్క కట్టాలి.

ముందు ఓడ పక్కన నడిచే మందపాటి పట్టె, అంటే వేల్, స్థానం గుర్తించండి. దాని కింది అంచు నుంచి కీల్ (ఓడ అడుగున పొడవునా సాగే దూలం) గాడి దాకా నడిమి అడ్డపలక మీద కాగితపు పట్టీ చుట్టి కొలవండి. 144 మి.మీ. వచ్చిందనుకుందాం. అసలు పలక అడుగు వెడల్పు, మన కొలతలో 4.8. అంటే 30 వరసలు. ఇప్పుడు ప్రతి అడ్డపలక దగ్గరా అలాగే కొలిచి 30తో భాగించండి. ముందు వైపు 93 వస్తే ఒక్కో పలక 3.1 మి.మీ.కు సన్నబడాలి, బాగానే ఉంది. ముక్కు దగ్గర 66 వస్తే 2.2. సగం వెడల్పు, అంటే 2.4 కన్నా సన్నగా పలక కొయ్యకూడదు, మొన నిలవదు, మేకు పట్టదు. 66లో 2.4వి 27 పడతాయి, కాబట్టి మూడు వరసలను ముక్కు చేరకముందే పక్క పలకలో గాటు పెట్టి ఆపాలి. వెనుక 168 వస్తే పలక 5.6కు వెడల్పవ్వాలి. 6 మి.మీ. పట్టీలు కోయించమన్నది ఇందుకే. బజారు 5 మి.మీ. పట్టీ అయితే అక్కడ చీలిక పలకలు దూర్చక తప్పదు.

ఈ 30 వరసలనూ ఆరేసి చొప్పున ఐదు పట్టాలుగా విడగొట్టి, పట్టాల హద్దులు దారంతో హల్ చుట్టూ పరచి చూడండి. దూరం నుంచి చూస్తే దారం సాఫీగా సాగాలి. వంకర కనిపిస్తే లెక్కకన్నా కంటినే నమ్మండి.

కీల్ పక్కన వచ్చే మొదటి పలకను ముక్కు మీదికి ఎక్కించేస్తారు. చూడ్డానికి అది అటే పోతానంటుంది. ఎక్కనిస్తే పైన వచ్చే ప్రతి పలకా మరింత పైకి వంగాలి, పదో వరసకు వచ్చేసరికి అంచులు లేచి పెంకుటిల్లు కప్పులా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పట్టీ బల్లపరుపు వైపు సుఖంగా వంగుతుంది, అంచు వైపు వంగదు. బలవంతం చేస్తే మెలితిరిగి అంచు లేపుతుంది. ముక్కు దగ్గర ఆ పలకను కిందే ఆపి, కొస వెడల్పుగా ఉంచండి. అంచు వంపు కావాల్సినచోట సందు మీద మాస్కింగ్ టేపు అంటించి, అంచులు పెన్సిలుతో గీసి, ఆ టేపును 10 మి.మీ. వెడల్పు పలక మీదికి మార్చి వంపుతోనే కోసుకోండి. చెక్క ఎక్కువ పోతుంది, పని నిలబడుతుంది.

బల్లపరుపు వంపుకు వేణ్నీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి ఇస్త్రీ పెట్టె అంచు మీద లాగండి. ముందు వృథా ముక్క మీద వంచి చూడండి. వంచాక అచ్చు మీద బిగించి రాత్రంతా ఆరనివ్వాలి. తడి పట్టీ ఉబ్బి ఉంటుంది, అలాగే అతికిస్తే ఆరాక పక్కల సందులు నోళ్లు తెరుస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలంలో పొడి పట్టీలో కూడా తేమ ఉంటుంది. పని చేసే గదిలోనే మూడు వారాలు పరచి ఉంచి, ముసురు రోజుల్లో పని ఆపెయ్యండి.

కుడివైపు రెండు వరసలు, ఎడమవైపు రెండు వరసలు, ఇలా మార్చి మార్చి వేసుకుపోండి. ఒకవైపే ఆరు వేస్తే ఆ లాగుడుకు వెన్ను అరటిపండులా వంగుతుంది. జిగురుకు ఫెవికాల్ చాలు. ఫెవిక్విక్ కొసను ఒక క్షణం పట్టి ఉంచడానికే. అది ఒలికినచోట నూనె, వార్నిష్ ఇంకవు, మరక శాశ్వతం. పలకల అతుకులు ఒకే అడ్డపలక మీద పడుతుంటే మధ్యలో కనీసం మూడు వరసలు తేడా ఉండాలి.

కొయ్యమేకులు వెదురుతో చెయ్యండి. అసలు మేకు ఒకటిన్నర అంగుళం మందమైతే మనది 0.6 మి.మీ. కంసాలి తీగ లాగే కమ్మచ్చు తీసుకుని, వెదురు పుల్లను వెనుక వైపు నుంచి, అంటే పదునైన అంచు ఉన్న పక్క నుంచి దూర్చి లాగండి. ముందు వైపు నుంచి లాగితే రంధ్రం వెదురును నలుపుతుంది తప్ప చెక్కదు.

డెక్ మూసేముందు

ఫిరంగి కిటికీలు ఒక్కో పక్క 14. వాటి పైఅంచు, కిందిఅంచు డెక్ వంపుకు సమాంతరంగా పోతాయి, పక్క అంచులు మాత్రం నిటారు. నీటిగీతకు సమాంతరంగా కోస్తే నడుమ ఫిరంగి గొట్టం కిటికీ మధ్యలో, కొసల దగ్గర గడపను తాకుతూ ఉంటుంది. అందుకే ఒక బండి, గొట్టం ముందే చేసుకుని ప్రతి కిటికీ దగ్గరా పెట్టి చూడాలి. 18 పౌన్ల గుండు పేల్చే ఫిరంగి, 8 అడుగుల గొట్టం, అంటే 38 మి.మీ. మొత్తం 28. వాటిలో ఎక్కువ భాగం పైడెక్ కింద దాక్కుంటాయి. నడిమి ఖాళీలో కనిపించేవాటికి మాత్రమే తాళ్లు, కప్పీలు పూర్తిగా కట్టి, లోపలివాటికి గొట్టం, బండి ఉంటే చాలు.

గొలుసు కొక్కేలు, ఫిరంగుల రింగులు, తెరచాప కొయ్యల రంధ్రాలు అన్నీ పైడెక్ మూయకముందే. మూడు కొయ్యలకూ వాలు వేరు వేరు. రంధ్రం కీల్ దాకా గొట్టంలా దిగేటట్టు లోపల దిమ్మె పెట్టి, వాలును ప్లాను నుంచి తీసిన అట్టముక్కతో సరిచూడండి. డెక్ మందం ఒక్కటే కొయ్యను పట్టుకుంటే, తాళ్లు బిగించే రోజున అది ముందుకు వాలుతుంది.

నీటిగీత కింద రాగి. అసలు రేకులు 4 అడుగులు, 14 అంగుళాలు, మనకు 19×5.6 మి.మీ. రంగుగాజు పనివాళ్లు వాడే అంటుడు రాగి టేపులో 7/32 అంగుళాల వెడల్పు దొరుకుతుంది, సరిగ్గా సరిపోతుంది. వెనుక నుంచి ముందుకు వేసుకు రండి, ముందు రేకు వెనుక రేకు మీదికి రావాలి. టేపు ముట్టుకునేముందు చేతులు స్పిరిటుతో తుడుచుకోండి. వేలిముద్ర వెంటనే కనబడదు, రెండు నెలలకు నల్లగా తేలుతుంది.