పది మీటర్ల గురికి ఇంట్లోనే పెల్లెట్ పెట్టె

విజయవాడ ఆటోనగర్‌లో నాది లేత్ షాపు. కాలేజీ కుర్రాళ్లు ఫోన్లో వీడియో చూపించి, "అన్నా, ఈ పైపుతో ఎయిర్ రైఫిల్ చేసిపెడతావా?" అని అడుగుతుంటారు. చెయ్యను. మీరూ చెయ్యొద్దు. పోటీల్లో వాడే రైఫిళ్ల సిలిండర్‌లో గాలి 200 బార్ దాకా ఉంటుంది. లారీ టైరులో ఉండే గాలికి అది దాదాపు పాతిక రెట్లు. పరీక్ష చేయని పైపు, చేత్తో వేసిన వెల్డు ఆ ఒత్తిడికి ఎప్పుడు విడిపోతాయో కంటికి తెలియదు. విడిపోయినప్పుడు దాని పక్కనే ఉండేది పట్టుకున్నవాడి చెంప. చట్టం సంగతి కూడా ఉంది. ఆయుధాల చట్టం 1959 ప్రకారం తుపాకి మందుతోనే కాదు, గాలి బలంతో పేల్చేదీ తుపాకీయే. దాన్ని తయారు చేయాలంటే లైసెన్సు ఉండాలి.

కొనుక్కోవడం వేరే మాట. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 ఎం.ఎం. బోరుకు (గొట్టం లోపలి వెడల్పుకు), 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ రైఫిల్‌ను లైసెన్సు లేకుండా కొనుక్కోవచ్చు. డీలరు గుర్తింపు కార్డు తీసుకుని పుస్తకంలో రాసుకుంటాడు. ఇక ఇంట్లో మన చేత్తో చేసుకోదగ్గది, శ్రద్ధగా చేసుకోవలసింది అవతలి కొస, అంటే పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న సీసం గుండు) ఆగే చోటు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రా కూడా ఇంటి దగ్గర రేంజ్ కట్టించుకునే సాధన చేశారు. మా అన్నయ్య కూతురు గుంటూరులో ఇదే పోటీకి తయారవుతోంది. తన కోసం చేసిన పెట్టె కొలతలే ఇక్కడ చెబుతున్నాను.

ముందు చోటు చూసుకోవాలి. 10 మీటర్లంటే 33 అడుగులకు కాస్త తక్కువ. నిలబడటానికి ఇంకో ఐదడుగులు కావాలి. డాబా మీద వద్దు. గురి తప్పిన పెల్లెట్ వందల అడుగులు పోతుంది, చుట్టూ జనం. గుంటూరు పాత ఇళ్లలో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తలుపులన్నీ ఒకే వరసలో ఉంటాయి. మా అన్నయ్య వాళ్లదీ అలాంటి ఇల్లే. పనికొస్తుంది, కానీ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. గురి ఎప్పుడూ పెరటి వైపే ఉండాలి, వీధి వైపు ఎంతమాత్రం కాదు. పెరటి తలుపు మూసి, దాని మీద ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు 3 ఎం.ఎం. ఇనప షీటు స్క్రూలతో బిగించాలి. రెండోది, మధ్య గదుల్లోంచి ఈ దారిలోకి తెరుచుకునే ప్రతి తలుపుకూ ఇటువైపు గడియ ఉండాలి. రైఫిల్‌ను దాచిన చోటు నుంచి తీయకముందే ఆ గడియలన్నీ పడాలి. పిల్లలున్న ఇంట్లో నేను అన్నిటికన్నా ముందు చూసేది ఈ గడియలే. పెల్లెట్ పెట్టె ఎంత బాగా కుదిరినా, పక్క గదిలోంచి చిన్నపిల్ల పరుగెత్తుకొస్తే ఆపేది గడియ ఒక్కటే.

ఇప్పుడు పెట్టె. లోపలి కొలత పద్దెనిమిది అంగుళాలు, ఎత్తు, వెడల్పు, లోతు మూడూ అంతే. పన్నెండు అంగుళాలు చాలదా అంటారు. ఆరితేరినవాళ్లకు చాలుతుంది, నేర్చుకునేవాళ్లకు చాలదు. పక్కలకు, వెనక్కి, అడుక్కి, పైకప్పుకు 19 ఎం.ఎం. ప్లైవుడ్ వాడండి. లోపల అసలు పని చేసేది 4 ఎం.ఎం. మందం ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) ప్లేటు. దాన్ని 18 అంగుళాల వెడల్పు, 25 అంగుళాల పొడవు కోయించండి. బరువు తొమ్మిది కిలోల పైచిలుకు వస్తుంది. కొత్త షీటు కొనక్కర్లేదు, ఫాబ్రికేషన్ షెడ్లలో మిగిలిన ముక్కలు తూకానికి దొరుకుతాయి. ముక్క ఎంచేటప్పుడు గుంటలు, పాత వెల్డు మచ్చలు లేని ముఖం చూసుకోండి. పెల్లెట్ గుంటలో పడితే ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ప్లేటును 45 డిగ్రీల వాలులో పెట్టాలి. పై అంచు కాల్చేవాళ్ల వైపు, కింది అంచు వెనక్కి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. అలా పెడితే పెల్లెట్ పైకి లేచి పెట్టె కప్పును కొడుతుంది. సరిగ్గా పెడితే సీసం ప్లేటుకు తగిలి చప్పబడి కిందికే జారుతుంది. ఇనుమును నిటారుగా మాత్రం ఎప్పుడూ నిలబెట్టకండి, సీసం తునకలు నేరుగా మీ వైపే వస్తాయి. ప్లేటును రెండు పక్కలా యాంగిల్ (ఎల్ ఆకారం ఇనప పట్టీ) ముక్కల మీద ఆనించి బోల్టులు వేయండి. బోల్టు తలలు ప్లేటు వెనకే ఉండాలి. ముందు వైపు ఏదీ పొడుచుకు రాకూడదు.

అడుగున రెండంగుళాల మందం జల్లెడ పట్టిన పొడి ఇసుక పోయండి. ముందు వైపు కింద నాలుగంగుళాల పట్టీ కట్టాలి, లేకపోతే ఇసుక మీద పడిన సీసం బయటికి ఎగురుతుంది. పక్క గోడలకు లోపల లారీ మడ్‌ఫ్లాప్ రబ్బరు అంటిస్తే చప్పుడు కూడా తగ్గుతుంది. ముందు నోటికి అట్టపెట్టె అట్ట రెండు పొరలు తగిలించి, దాని మీద టార్గెట్ కాగితం పెట్టండి. వెనక్కి వచ్చే చిన్న తునకల్ని ఆ అట్టే పడుతుంది. అందుకే నడుమ చిల్లు పెద్దదవగానే మార్చెయ్యాలి. ఈ పెట్టె సీసం పెల్లెట్లకే. ఉక్కు గుండ్లు, డార్టులు దీని మీద వాడితే ఎగిరి తిరిగొస్తాయి.

స్టాండుకు 40 ఎం.ఎం. యాంగిల్, నాలుగు కాళ్లు. టార్గెట్ నడిబొడ్డు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలని పోటీ నిబంధన. పిల్లలు పొట్టిగా ఉన్నారని దించకండి, రేపు రేంజ్‌లో ఎత్తు అదే. పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. స్టాండు కాస్త ఊగినా ఆ సాధనకు అర్థం లేదు, కాబట్టి కాళ్లను నేలకు యాంకర్ బోల్టులతో బిగించండి.

లైటు విషయంలో పొదుపు వద్దు. టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ (వెలుగును కొలిచే లెక్క) వెలుగు పడాలి. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ ఉజ్జాయింపుగా చెబుతుంది. ఎల్‌ఈడీ స్పాట్‌లైటును పెట్టెకు రెండడుగుల ముందు, పైన బిగించి, బల్బు కాల్చేవాళ్ల కంట పడకుండా చిన్న రేకు అడ్డం పెట్టండి. ఇన్వర్టర్ లైను మీద వేయండి. ఎండాకాలం మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, ట్రిగ్గర్ మీద వేలుండగా చీకటి పడకూడదు.

మొదటి రోజే టార్గెట్ జోలికి వెళ్లకండి. పెట్టె ముందు నేల మీద, అటూ ఇటూ తెల్ల కాగితాలు పరిచి, పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకుని, పెట్టె నడుమకు, నాలుగు మూలలకు కాల్చి చూడండి. కాగితం మీద చిన్న చిరుగో, సీసం గీతో కనిపిస్తే ముందు పట్టీ ఎత్తు పెంచాలి, లేదా అట్ట పొరలు పెంచాలి. కాగితాలు శుభ్రంగా మిగిలాకే పిల్లల చేతికివ్వండి. తర్వాత కూడా టార్గెట్ మార్చడానికి ఎవరైనా ముందుకు నడిచేముందు రైఫిల్ తెరిచి, గొట్టంలో రంగు నైలాన్ తీగ దూర్చి, కింద పెట్టాలి. పోటీల్లోనూ ఇదే పద్ధతి. ఇంట్లో కదా అని వదిలేస్తే అలవాటు చెడుతుంది. పెరట్లో పావురాలు, చిలకలు వాలినా గురి అటు తిరగకూడదు. చిలకల్ని కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

సీసాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్కో పెల్లెట్ అర గ్రాము పైమాటే, అయిదొందల డబ్బా ఖాళీ అయితే పావు కిలోకు మించి సీసం ఆ ఇసుకలో ఉంటుంది. చీపురుతో ఊడిస్తే దుమ్ము గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోనివ్వద్దు. నెలకోసారి మాస్కు, గ్లవ్స్ వేసుకుని, కాస్త తడిపిన ఇసుకను జల్లెడ పట్టి, సీసాన్ని మూతున్న డబ్బాలో వేసి పాత బ్యాటరీలు కొనే దుకాణంలో ఇవ్వండి. ఇసుకను ఎండబెట్టి మళ్లీ పోసుకోవచ్చు. ఆ జల్లెడ మాత్రం వంటింట్లోకి వెళ్లకుండా పెట్టె పక్కనే మేకుకు తగిలించండి.