గేమ్‌బాయ్ ‘టెన్నిస్’ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

చేతిలో పట్టుకుని ఆడే యంత్రం గేమ్‌బాయ్ కోసం 1989లో నింటెండో తెచ్చిన ‘టెన్నిస్’ కార్ట్రిడ్జ్‌లో (యంత్రంలో దూర్చే ఆట డబ్బీలో) పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. లోపల ఉన్నది ఆటను చెరగకుండా దాచే 32 కేబీ రోమ్ చిప్ ఒక్కటే. సేవ్ సౌకర్యం లేదు కాబట్టి బ్యాటరీ కూడా లేదు. ‘లోపలి బ్యాటరీ అయిపోయింది, మార్చాలి’ అని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. పదింట తొమ్మిదిసార్లు దోషం మురికిది, లేదా గేమ్‌బాయ్‌ది.

‘నింటెండో’ అన్న పేరు బదులు నల్ల పట్టీ దిగి ఆగిపోతోంది

ఆన్ చేయగానే గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లోని 48 బైట్ల లోగోను చదివి, తన దగ్గరున్న నకలుతో పోల్చుకుంటుంది. ఒక్క బిట్ తేడా వచ్చినా ముందుకు కదలదు. పూర్తి నలుపు కనిపిస్తే కార్ట్రిడ్జ్ అసలు అందడం లేదని అర్థం. అక్షరాలు చెదిరి కనిపిస్తే 32 పిన్నుల్లో కొన్నిటికి చిలుము పట్టిందన్నమాట.

కాటన్ బడ్‌ను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిన్నుల వెంట నిలువుగా రుద్దండి. బడ్ నల్లబడుతుంది. తెల్లగా వచ్చేదాకా బడ్లు మారుస్తూ ఉండండి. అయిదు నిమిషాలు ఆరాక, పవర్ ఆపి ఉంచే అయిదారుసార్లు పెట్టి తీస్తే స్లాట్ లోపలి పిన్నులూ కాస్త శుభ్రపడతాయి. నోటితో ఊదడం మాత్రం వద్దు. ఆ తేమే రేపటి చిలుము. గరుకు కాగితం అసలే వద్దు, పైపూత లేచిపోతుంది.

ర్యాలీ మధ్యలో ఆట మొదటికొస్తోంది

ఎర్ర దీపం మసకబారితే సెల్స్ అయిపోయినట్టే, నాలుగూ ఒకేసారి మార్చండి. దీపం బాగానే ఉండి, పవర్ స్విచ్ తాకితే ఆగిపోతుంటే ఆ స్విచ్చే దొంగ. సెల్స్ తీసేసి దాన్ని ముప్పైసార్లు అటూ ఇటూ జరపండి. తగ్గకపోతే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క చాలు. స్ప్రింగుల మీద తెల్లటి పొడి కనిపిస్తే కారిన ఆల్కలైన్ సెల్ పని అది. ముందు వెనిగర్‌తో, తర్వాత ఆల్కహాల్‌తో తుడవండి.

బంతి కొన్నిచోట్ల మాయమవుతోంది

ముందు ఎడమవైపున్న కాంట్రాస్ట్ చక్రం తిప్పి చూడండి. పాత తెర నెమ్మది, వేగంగా వెళ్లే బంతి వెనక నీడ సాగడం దాని సహజ గుణం. అలా కాక తెర మీద నిలువు గీతలే పోయి, బంతి వాటి మీదుగా వెళ్లినప్పుడు కనబడకపోతే, గాజు కింది అంచున రిబ్బన్ (తెరను బోర్డుకు కలిపే పలచటి పట్టీ) అతుకు వదులైనట్టు. డబ్బా విప్పడానికి మూడు రెక్కల స్క్రూడ్రైవర్ కావాలి. ముందూ వెనకా భాగాలను కలిపే కేబుల్ ఉంటుంది, లాగేయకుండా నెమ్మదిగా తెరవండి. రిబ్బన్ మీది రబ్బరు పట్టీ తీసి, తక్కువ వేడి మీదున్న సోల్డరింగ్ ఐరన్‌ను ఆ అతుకు మీదుగా ఆగకుండా జరపండి. గాజుకు తగిలిందా, తెర పోయినట్టే. అడ్డగీతలు పోతే ఇంట్లో చేసే పని కాదు.

ఆటగాడు ఒక పక్కకే కదులుతున్నాడు

బటన్ల కింది రబ్బరు మురికి. రబ్బరుపై నల్ల చుక్కలను పొడిబట్టతో, బోర్డు మీది కాంటాక్ట్‌లను ఆల్కహాల్‌తో తుడవండి.

ఇద్దరాట కలవడం లేదు

రెండు గేమ్‌బాయ్‌లు, రెండు ‘టెన్నిస్’ కార్ట్రిడ్జ్‌లు ఉండాలి. ఒక్కదాంతో సర్దుకోలేం. రెండింటినీ కలిపే కేబుల్ దూర్చే లింక్ సాకెట్ మొదటి గేమ్‌బాయ్‌లో పెద్దది, పాకెట్, కలర్ మోడళ్లది చిన్నది, కాబట్టి తగిన అడాప్టర్ చూసుకోండి. తర్వాత వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో ఈ ఆట ఆడుతున్నా కలర్ కేబులే వాడాలి, అడ్వాన్స్ కేబుల్ పనిచేయదు. అడ్వాన్స్‌లో కోర్టు అడ్డంగా సాగినట్టుంటే ఎల్ బటన్ నొక్కండి, మామూలవుతుంది.

నింటెండో ఆటల హీరో మారియోను ఎంచుకునే మెనూ కనబడలేదని కార్ట్రిడ్జ్‌ను అనుమానించకండి. ఇందులో ఆయన అంపైర్, కుర్చీ దిగడు.