కంటికి మంచిదని మునగాకు పొడి

కళ్ల కోసం మెడికల్ షాపులో కొనే మునగాకు క్యాప్సూల్స్ డబ్బా నెల తిరగకుండానే అయిపోతుంది. మన కందుకూరు, ఒంగోలు వైపు మునగచెట్టు లేని వీధి అరుదు కదా!

నాలుగు గుప్పెళ్ల ఆకు కడిగి, తడి ఆరాక గదిలో ఫ్యాన్ కింద గుడ్డ మీద పరవండి. మేడ మీద ఎండలో వద్దు. త్వరగా ఎండుతుంది గానీ ఆకు రంగు పోతుంది, విటమిన్ ఎ ఇచ్చే కెరోటిన్ కూడా తగ్గుతుంది. గలగలలాడాక, వేయించిన 6 ఎండుమిర్చి, 2 చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, కాస్త చింతపండు, ఉప్పుతో పొడి కొట్టండి. వేడన్నంలో చెంచాడు పొడి, నెయ్యి తప్పనిసరి. కొవ్వు లేకపోతే కెరోటిన్ సరిగా ఒంటికి పట్టదు.

శుక్లాలు, నీటికాసులు దీంతో తగ్గవు. చూపు మసకబారితే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ముందు అడిగి తినండి.