మంచి బిట్లు తయారు చేయడం ఎలా?

బిట్ పేపర్ అనగానే పాఠం వెనకున్న వాటిలోంచి ఓ ఇరవై ఏరేసి ఇచ్చేస్తాం, నేనూ చాలా ఏళ్ళు అదే చేశాను. దిద్దాక మార్కులైతే వచ్చేవి గానీ ఏ పిల్లకి ఏది అర్థం కాలేదో మాత్రం తెలిసేది కాదు. నాలుగేసి ఆప్షన్లున్న 20 బిట్లకి గుడ్డిగా బ్రాకెట్లు నింపుకుంటూ పోయినా సగటున 5 కరెక్ట్ అయిపోతాయి కదా, అందుకే అసలు కష్టపడాల్సింది తప్పు ఆప్షన్ల దగ్గర అంటాను నేను.

ముందు ఒక పని చేయండి, ఆ పాఠంలో పిల్లలకి కచ్చితంగా రావాల్సినవి ఏంటో నాలుగైదు లైన్లలో రాసుకోండి. ఒక్కో లైనుకి రెండు మూడు బిట్లు చాలు. పుస్తకంలో వాక్యం తీసుకుని మధ్యలో ఒక మాట ఎగరగొట్టి ఖాళీ పెట్టారనుకోండి, బట్టీ పట్టినవాడికే మార్కు వస్తుంది.

తర్వాత పిల్లల నోట్సులు ముందేసుకుని కూర్చోండి, తప్పు ఆప్షన్లు అక్కడే దొరుకుతాయి. ఉదాహరణకి 1/3 + 1/4 ఎంత అని అడుగుతున్నాం, జవాబు 7/12. మిగతా మూడింటికి తోచిన అంకెలు పెట్టొద్దు. పైవి పైవి, కిందవి కిందవి కూడేసేవాడికి 2/7 వస్తుంది, కూడమంటే గుణించేసేవాడికి 1/12 వస్తుంది, హారాలు మాత్రం కూడి పైన 1 అలాగే ఉంచేసేవాడికి 1/7 వస్తుంది. ఈ మూడే పెట్టండి. ఇక పేపర్ దిద్దుతుంటేనే ఎవరు ఎక్కడ దారి తప్పారో మీకు కనిపిస్తుంది, రేపు ఎవరికి ఏం చెప్పాలో కూడా తెలిసిపోతుంది. దశాంశాలూ అంతే, 0.5, 0.45, 0.123, 0.06 వీటిలో పెద్దది ఏది అంటే 0.123 అనే పిల్లలు దాదాపు ప్రతి క్లాసులో ఉంటారు, పాపం వాళ్ళకి చుక్క తర్వాత ఉన్నది నూట ఇరవై మూడుగానే కనిపిస్తుంది.

ఇప్పుడు ప్రశ్న మాటలు చూసుకోండి. "మన మొదటి ముఖ్యమంత్రి ఎవరు?" అని అడిగితే 1953 ఆంధ్ర రాష్ట్రం అనుకున్న పిల్ల టంగుటూరి ప్రకాశం అంటుంది, 1956 ఆంధ్రప్రదేశ్ అనుకుంటే నీలం సంజీవరెడ్డి, 2014 తెలంగాణ అనుకుంటే కేసీఆర్. ముగ్గురూ కరెక్టే, తప్పు ప్రశ్నది. ఏ రాష్ట్రమో, ఏ సంవత్సరమో ప్రశ్నలోనే రాసేయండి.

ప్రశ్నే జవాబు చెప్పేయకుండా కూడా చూడాలి. తొలి తెలుగు కవయిత్రిగా ఎవరిని చెబుతారు అని అడిగి నన్నయ, తిక్కన, ఎర్రన, తాళ్ళపాక తిమ్మక్క అని ఇస్తే పాఠం వినని వాడు కూడా పెట్టేస్తాడు. తిమ్మక్క పక్కన మొల్ల, రంగాజమ్మ, వెంగమాంబ పేర్లు పెట్టి చూడండి, అప్పుడు ఆలోచిస్తారు. కరెక్ట్ ఆప్షన్ ఒక్కటే పొడుగ్గా ఉన్నా పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

"పైవన్నీ" జోలికి పోకపోవడమే మంచిది, రెండు కరెక్ట్ అని తెలిస్తే చాలు మూడోది చదవకుండానే అది పెట్టేస్తారు. "కానిది ఏది" అని అడగక తప్పకపోతే "కానిది" కింద గీత గీయండి. అంకెల ఆప్షన్లు చిన్న నుంచి పెద్దకి వరసగా పెట్టండి. జవాబులన్నీ బి, సి ల్లోనే పడుతున్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి.

పరీక్ష అయ్యాక ఒక్క అరగంట కేటాయించి, ప్రతి బిట్టుకీ ఎ ఎంతమంది, బి ఎంతమంది అని గీతలు పెట్టుకుంటూ లెక్కేయండి. 40 మందిలో ఒక్కరు కూడా పెట్టని ఆప్షన్ ఉంటే అది తీసేసి ఇంకోటి రాయాలి. మార్కుల్లో పైనున్న 10 మందిలో ఎంతమందికి వచ్చింది, కిందున్న 10 మందిలో ఎంతమందికి వచ్చింది అని కూడా చూడండి, బాగా చదివేవాళ్ళే ఎక్కువమంది తప్పు పెట్టారంటే ముందు జవాబుల కీ సరిచూసుకుని, అది సరిగ్గానే ఉంటే ప్రశ్న మార్చండి. బాగా పనిచేసిన బిట్లని ఈ లెక్కలతో సహా ఒక నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటే వచ్చే ఏడాది పేపర్ సగం తయారైనట్టే.