ఎండాకాలంలో చెరువు పక్క ప్లాటు చూసి బయానా ఇవ్వకండి

2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ నీళ్లు హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లోకి వచ్చేశాయి. బస్సుల కోసం వచ్చినవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. ఆ వీడియోలు అందరం చూశాం. అయినా మా వైపు ఎండిన చెరువుల్లో మళ్లీ ప్లాట్లకు సున్నం గీతలు పడుతున్నాయి.

వానలో కరెంటు స్తంభం ముట్టుకోవద్దని అందరికీ తెలుసు. నా భయం అంతకు చాలా ముందు, మే నెలలో జరిగే తప్పు గురించి. ఎండాకాలంలో చూసి కొనడం. అప్పుడు శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, గట్టిగా, చదునుగా ఉంటుంది, పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మా వీధి అన్న ఒకాయన అలాగే చూసి, నోటరీ కాగితం మీద 60 గజాలు కొన్నాడు. రెండో ఏడు నడుములోతు నీళ్లొచ్చాయి. గోడ మీద ఆ నీటి గీతకు మూడుసార్లు సున్నం కొట్టించాడు, మళ్లీ మళ్లీ తేలుతోంది.

చవకగా ఎందుకొస్తోందో ఆలోచించండి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే నీళ్లు నాలా పట్టుకుని కింది చెరువుకు పోవాలి. పైన పెద్ద వెంచర్లవాళ్లు మట్టి పోసి నేల ఎత్తు పెంచుకుంటారు, ప్రహరీ కడతారు, నాలా సన్నబడుతుంది. ఆ నీళ్లన్నీ కింద బస్తీలో చేరతాయి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగితే మునిగింది కింద హఫీజ్ బాబా నగర్ లాంటి కాలనీలే. చెరువును కమ్మేసేది డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ ఇద్దరూ. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు తడిసేది మాత్రం లేనివాళ్లవి.

కొనేముందు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ చెరువు మ్యాప్ తీసి, సర్వే నంబరు సరిచూడండి. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఇల్లు కట్టకూడని జాగా. కరెంటు మీటరు వచ్చిందని, ఇంటిపన్ను రసీదు ఉందని ధైర్యపడకండి. వాటితో శిఖం భూమి పట్టా భూమి అయిపోదు.

తుంగ మొలిచిన చోట కొనకండి, అక్కడ నేల కింద తడి ఉంటుంది. కొత్తగా మొరం పోసిన చోట అసలే వద్దు. చేపలు పట్టేవాళ్లను అడగండి, నీళ్లు ఎందాకా వస్తాయో చేత్తో చూపిస్తారు. పక్కిళ్ల గోడలు చూడండి. బ్రోకరు మాట వినకండి. ఎండాకాలంలో చూసి కొనకండి.

ఇప్పటికే అక్కడ ఉంటున్నవాళ్లు కరెంటు మీటరు పైకి ఎత్తించండి. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద దాచండి. నాలాలో చెత్త వేయకండి, వేసేవాణ్ణి ఆపండి. నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత తీయకండి. చీకట్లో పిల్లల్ని నాలా గట్టు మీదికి పంపకండి. కట్ట మీద నీరు ఊరుతుంటే సామాన్లు సర్దుతూ కూర్చోకండి, మనుషులు ముందు బయటపడండి.

బయానా కోసం ఫోన్ మీద ఫోన్ చేస్తారు, ఇంకెవరో కొనేస్తున్నారని కంగారు పెడతారు. ఆగండి. ఆగస్టులో పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున్నే ఆ ప్లాటు దగ్గరికి వెళ్లి చూడండి.