తుంబురు తీర్థం ట్రెక్: తిరుమల అడవిలో ఆ జలపాతం దాకా నడిచి రావాలంటే

తిరుమలకి వెళ్లినోళ్లలో చాలామంది పాపవినాశనం దాకా బస్సులో వెళ్లి, ఆ ధారల కింద తల తడుపుకుని, నాలుగు ఫోటోలు తీస్కుని వెనక్కొచ్చేస్తారు. అక్కడ్నుంచి అడవిలోకి ఏడు కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే రెండు నిట్టనిలువు కొండల మధ్య ఒక ఇరుకు సందు వస్తది, ఆ సందులో నీళ్లలో దిగి లోపలికి పోతే చివర్లో పైనుంచి నీళ్లు దూకుతుంటాయి. అదే తుంబురు తీర్థం. నన్నడిగితే శేషాచలం కొండల్లో ఇంత బాగుండే చోటు ఇంకోటి లేదు, కానీ ఊరికే షికారు కెళ్లినట్టు వెళ్తే మాత్రం చాలా ఇబ్బంది పడతారు.

ముందు పర్మిషన్ సంగతి. ఇది ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లే చోటు కాదు. ఇదంతా శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్క్, 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్ కూడా చేశారు, పైగా ఎర్రచందనం ఉండే అడవి కాబట్టి స్మగ్లర్ల కోసం ఎప్పుడూ నిఘా ఉంటది. యూట్యూబ్‌లో ఎవడో మామూలు రోజుల్లో వెళ్లొచ్చినట్టు వీడియో పెట్టాడని మీరూ బయల్దేరకండి, దొరికితే ఫారెస్ట్ కేసు, దారి తప్పితే ఇంకా ఘోరం, లోపల సిగ్నల్ ఉండదు, చిరుతలున్నాయి, పాపవినాశనం వైపు ఏనుగులు కూడా తిరుగుతాయి. ఏడాదికోసారి తుంబురు తీర్థ ముక్కోటి అని టీటీడీ వాళ్లే దారి తెరుస్తారు, అప్పుడే వెళ్లాలి. వేల మంది నడుస్తారు, దారి పొడుగునా శ్రీవారి సేవకులు, పోలీసులు, ఫారెస్టోళ్లు ఉంటారు.

ఇక్కడే చాలామంది డేట్ దగ్గర పప్పులో కాలేస్తారు. ఫాల్గుణ పౌర్ణమి అని అందరూ అనేస్తారు గానీ అసలు లెక్క మీన మాసంలో, అంటే సూర్యుడు మీన రాశిలో ఉండే నెలలో, ఉత్తర ఫల్గుణి నక్షత్రంతో కలిసొచ్చే పౌర్ణమి. 2024లో అది మార్చి చివర్లో పడింది, 2025లో ఏప్రిల్‌లోకి జరిగింది. కాబట్టి గోడ మీద క్యాలెండర్‌లో హోలీ చూసుకుని ట్రైన్ టికెట్లు బుక్ చేస్కోకండి, టీటీడీ ప్రకటన వచ్చేదాకా ఆగండి. అందులోనే లోపలికి ఏ టైమ్ నుంచి ఏ టైమ్ వరకు వదుల్తారో కూడా రాస్తారు, గేటు మూశాక ఎంత బతిమాలినా పంపరు, పంపకపోవడమే కరెక్ట్ కూడా.

ఎవరు వెళ్లొచ్చు అంటే, అలిపిరి మెట్లు మధ్యలో ఎక్కువగా ఆగకుండా ఎక్కి, మర్నాడు మామూలుగా లేచి తిరగ్గలిగేవాళ్లు ధైర్యంగా వెళ్లొచ్చు. గుండె జబ్బు, ఆస్తమా, బీపీ ఎక్కువున్నోళ్లు, బాగా బరువున్నోళ్లు, చిన్నపిల్లలు వద్దని టీటీడీయే ప్రతిసారీ చెప్తది. దయచేసి అమ్మానాన్నల్ని భక్తి అని చెప్పి లాక్కెళ్లకండి, పాపవినాశనం దగ్గరే స్నానం చేయించండి, చాలు. ఇంకో రెండు నెలల టైముంటే రోజూ పొద్దున ఐదారు కిలోమీటర్లు నడవండి, వారానికోసారి మెట్లెక్కండి, ముఖ్యంగా మెట్లు దిగడం కూడా ప్రాక్టీస్ చేయండి ఎందుకంటే ఈ దారిలో మోకాళ్లకి పరీక్ష పెట్టేది దిగుడే.

ముందురోజు రాత్రికే కొండమీదకి చేరుకోండి. రాత్రిపూట కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసేస్తారు, తిరుపతిలో పడుకుని తెల్లారి మొదటి బస్సు పట్టుకుందాం అనుకుంటే అప్పటికే ఎండ మొదలైపోతది. రూమ్ దొరక్కపోతే యాత్రికుల వసతి సముదాయాల్లో లాకర్ ఫ్రీగా ఇస్తారు, లగేజీ అందులో పడేసి అక్కడే పడుకోవచ్చు. పొద్దున్నే తిరుమల బస్టాండ్ నుంచి పాపవినాశనానికి ఆర్టీసీ బస్సులు వరసగా తిప్పుతారు, సొంత కార్లని ఆ రోజు గోగర్భం డ్యామ్ దాటనివ్వరు, కాబట్టి కారు గురించి ఆలోచించకుండా బస్సెక్కేయండి. నడక ఎంత పొద్దున్నే మొదలుపెడితే అంత సుఖం.

బ్యాగులో ఏముండాలంటే, స్టీలు బాటిల్స్ రెండు లీటర్లకి తగ్గకుండా. ప్లాస్టిక్ బాటిల్స్ తిరుమలలో నిషేధం. రెండు మూడు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఖర్జూరాలు, పల్లీ పట్టీలు, మోకాలికి కట్టుకునే క్రేప్ బ్యాండేజ్, ఒక టార్చ్, తువ్వాలు, ఫోన్‌కి నీళ్లు పోని కవరు. పాపవినాశనం దగ్గర పులిహోర, పొంగలి, మజ్జిగ లాంటివి పంచుతారు, కడుపునిండా కాకుండా సగం కడుపుకి తినండి. చెప్పులేస్కోకుండా వెళ్లే భక్తులు చాలామందే ఉంటారు, వాళ్లకి దణ్ణం, అలవాటు లేనోళ్లు మాత్రం పాత షూసే వేస్కోండి, బాగా వాడి కాలికి సెట్ అయినవి, కింద గ్రిప్ అరగనివి. కొత్త షూస్ అసలొద్దు. జీన్స్ కూడా వద్దు, తడిశాక బరువెక్కి తొడలు ఒరుసుకుపోతాయి, తొందరగా ఆరే ట్రాక్ ప్యాంట్ మంచిది.

దారి మొదట్లో ఎక్కుడు, తర్వాత కాసేపు అడవిలో చదునుగా సాగుతది, సనకసనందన తీర్థం ఈ వైపే. మొదటి అరగంట అందరూ గోవిందా గోవిందా అంటూ పరుగులాంటి నడక నడుస్తారు, మీరు మాత్రం పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ నడవగలిగేంత స్పీడే పెట్టండి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగుతుండండి. తర్వాత కోనలోకి దిగుడు మొదలవుతది, రాళ్లూ వేళ్లూ కలిసిపోయి ఉంటాయి, అక్కడక్కడ తాళ్లు కట్టి ఉంటాయి. తాడుని పట్టుకుని వేలాడొద్దు, బరువంతా కాళ్ల మీదే ఉంచి బ్యాలెన్స్ కోసం మాత్రమే పట్టుకోవాలి, అదే తాడుని మీ పైన ఇంకో పదిమంది పట్టుకునుంటారు. నిటారుగా ఉన్నచోట మొహం కొండవైపు తిప్పి వెనక్కి దిగండి.

కిందకి దిగాక వాగు రాళ్ల మీద నడక. ఇక్కడ రాయి క్వార్ట్జైట్, పొడిగా ఉన్నప్పుడు కాలు గట్టిగానే నిలబడుద్ది, పాకుడు పట్టిన చోట మాత్రం ఏ షూ ఆగదు. నల్లగా, ముదురు పచ్చగా నిగనిగలాడే రాయి మీద కాలు పెట్టకండి, తెల్లగా గరుకుగా కనపడే దాని మీదే పెట్టండి. డౌటుంటే సిగ్గుపడకుండా కూర్చుని జరగండి. అక్కడ నీడలో, నీళ్ల పక్క బండల పగుళ్లలోకి కాస్త తొంగి చూడండి, అదృష్టముంటే బంగారు బల్లి కనిపిస్తది, ఒళ్లంతా పసుపు రంగు, రాయికి అతుక్కుని కదలకుండా ఉండి మీరు ఊపిరి పీల్చేలోపు పగుల్లోకి జారిపోద్ది. పట్టుకోవద్దు, ఫ్లాష్ కొట్టొద్దు, చూసి వచ్చేయండి. శ్రీవారి భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబ గారు ఈ తుంబురు కోనలోనే గుహలో ఏళ్ల తరబడి తపస్సు చేశారని చెప్తారు, కొండమీద మనం భోంచేసే అన్నప్రసాద భవనానికి పెట్టింది ఆవిడ పేరే. ఆ అడవిలో ఒక్క ఆడమనిషి ఆ రోజుల్లో ఎలా ఉందో అని నాకు అక్కడికెళ్లినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తది.

చివరి సందు అసలైన ఘట్టం. రెండువైపులా గోడల్లాంటి బండలు, మధ్యలో నీళ్లు, మొదట మోకాళ్లు, తర్వాత నడుము, కొన్నిచోట్ల ఛాతీ దాకా, ఒక్కో ఏడు ఇంకా ఎక్కువ. ఎండ తగలని నీళ్లు కాబట్టి మార్చిలో కూడా వణుకొస్తది, చెమట మీద అమాంతం దిగకుండా కాళ్లూ చేతులూ మొహం తడుపుకుని ఒక నిమిషం ఆగి దిగండి. ఈత రాకపోతే తాడు వదలొద్దు, ముందున్నోళ్లని తొయ్యొద్దు, అక్కడ నిలబడి సెల్ఫీలు తీస్కుంటే వెనక లైనంతా చలిలో ఆగిపోద్ది. ధార కింద తల పెట్టి ఒక్కసారి పైకి చూడండి, ఆకాశం చిన్న చీలికలాగా కనపడుద్ది. అక్కడ నిలబడ్డ ఆ రెండు నిమిషాలకి అంత నడకా దిగదుడుపే. ఇంకో మాట, ఎండాకాలంలో కొండల పైన గాలివాన పడితే కింద మీకు తెలియకుండానే నీళ్లు పెరుగుతాయి. నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకి తిరిగినా, ఆకులు పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా, పైన ఉరుము వినపడినా స్నానం సంగతి వదిలేసి వెంటనే బయటికొచ్చి ఎత్తున్న చోటికి ఎక్కేయండి.

జనం ఎక్కువ కూలబడేది తిరుగు ప్రయాణంలోనే. వెళ్లేటప్పుడు దిగిందంతా ఇప్పుడు ఎక్కాలి, అదీ మధ్యాహ్నం ఎండలో, తడి బట్టల్తో. అందుకే నేను చెప్పేదేంటంటే కోనలోకి దిగేముందే ఒక బాటిల్ ముట్టుకోకుండా దాచిపెట్టండి, ఒంట్లో సగం ఓపిక కూడా అలాగే దాచండి. దిగకముందే కాళ్లు వణుకుతుంటే అక్కడే ఆగి, మిగతావాళ్లు వచ్చేదాకా కూర్చుని, వాళ్లతో కలిసి వెనక్కి రండి. తల తిరగడం, ఒళ్లు చల్లబడటం, మాట తడబడటం మొదలైతే నీడలో పడుకోబెట్టి, స్పృహలో ఉంటే ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా పట్టించి దగ్గర్లో ఉన్న సేవకుల్ని పిలవండి, దారిలో మెడికల్ క్యాంపులుంటాయి. తిన్న ప్యాకెట్లు, చిరిగిన చెప్పులు, తడి లుంగీలు ఆ వాగులో వదిలేసి రాకండి, జింకలూ కణుజులూ తాగేది ఆ నీళ్లే.

ఆ డేట్లు కుదరనోళ్లకి ఇంకో రెండు దారులున్నాయి, రామకృష్ణ తీర్థ ముక్కోటి మకర మాసంలో పుష్యమి నక్షత్రంతో కలిసొచ్చే పౌర్ణమికి, కుమారధార తీర్థ ముక్కోటి కుంభ మాసంలో మఖ నక్షత్రంతో కలిసొచ్చే పౌర్ణమికి వస్తాయి, అప్పటికి ఎండలు కూడా ముదరవు. అవీ కుదరకపోతే భాకరాపేట దగ్గర తలకోనకి వెళ్లండి, 270 అడుగుల జలపాతం, అదీ ఇదే నేషనల్ పార్క్‌లోదే, ఫారెస్టోళ్ల దగ్గర టికెట్ తీస్కుని వెళ్లొచ్చు, వానలు పడ్డాక అక్టోబర్, నవంబర్‌లో వెళ్తే నీళ్లు బాగుంటాయి, శనాదివారాలు మాత్రం తప్పించండి.